ఎదురెదురుగా వచ్చిన రెండు పల్స్‌లు కలిసి తాడు తిన్నగా అయిపోతే, శక్తి ఎక్కడికి పోయినట్టు?

రావులపాలెం_రాధిక
మా వాడు సీనియర్ ఇంటర్. తరంగాల పాఠంలో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. తాడు మీద ఎడమ నుంచి పైకి ఉబ్బిన పల్స్ (ఒక్క కుదుపుతో పుట్టి పరిగెత్తే వంపు) ఒకటి, కుడి నుంచి అంతే సైజులో కిందికి దిగిన పల్స్ ఒకటి వస్తుంటాయి. రెండూ సరిగ్గా కలిసిన చోట తాడు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. తర్వాతి బొమ్మలో ఏమీ జరగనట్టు రెండూ ఎవరి దారిన అవి వెళ్ళిపోతుంటాయి. "తిన్నగా అయిపోయాక ఇంకేం మిగిలిందమ్మా? మళ్ళీ లేవాలని తాడుకి ఎవరు చెప్పారు?" అంటాడు. కాలేజీలో అడిగితే "అధ్యారోపణ సూత్రం (కలిసిన చోట రెండు తరంగాల ఎత్తులూ కూడుకుంటాయి), రెండు మార్కులు, రాసెయ్" అన్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను బీఎస్సీ చదివాను గానీ కెమిస్ట్రీ, వాడికి ఏం చెప్పాలో తెలియట్లేదు.

ఇంకోటి. గోడకి తగిలిన పల్స్ తలకిందులై తిరిగొస్తుందని పుస్తకంలో ఉంది. పెరట్లో కొబ్బరి చెట్టుకి తాడు కట్టి ఊపి చూశాం. తలకిందుల సంగతి దేవుడెరుగు, అసలు తిరిగొచ్చినట్టే కనబడలేదు. ఎవరైనా విడమరిచి చెబితే మా పెరటి పంపరపనసకాయలు పంపిస్తాను.

భీమవరం_బుల్లోడు
రెండూ కొట్టేసుకున్నాయి కదండి, ఆ శక్తి వేడిగా పోతుంది. తాడు కాస్త వేడెక్కుతుంది, అంతే.

గట్టుమీద_గంగాధర్
వేడిగా పోతే మళ్ళీ రెండు పల్స్‌లూ అదే ఎత్తుతో ఎలా బయటికొస్తాయి తమ్ముడూ? పోయిన వేడి వెనక్కొచ్చి తాడుని లేపదు కదా.

భీమవరం_బుల్లోడు
మరి ఎక్కడికి పోయినట్టండి? తాడు సాగి లేదు, వంగి లేదు. ఆ క్షణంలో ఫోటో తీస్తే ఊరికే కట్టి ఉంచిన తాడుకీ దీనికీ తేడా తెలియదు.

గట్టుమీద_గంగాధర్
ఫోటోలో తెలియదు, నిజమే. అట్లతద్ది ఉయ్యాల సరిగ్గా కిందికి వచ్చినప్పుడు ఫోటో తీసినా ఆగిన ఉయ్యాలలాగే ఉంటుంది. అడ్డంగా నిలబడి చూడు, ఆగిందో లేదో తెలుస్తుంది.

కొత్తపేట_మాస్టారు
గంగాధర్ సరైన చోట పట్టుకున్నాడు. రాధిక గారూ, మీ అబ్బాయి అడిగింది ఈ పాఠం మొత్తానికీ గుండెకాయ లాంటి ప్రశ్న. దాన్ని రెండు మార్కుల కింద కొట్టేశారంటే నాకూ బాధగానే ఉంది.

తాడు తిన్నగా ఉండటం వేరు, ఆగి ఉండటం వేరు. పుస్తకంలో బొమ్మ తాడు ఆకారం ఒక్కటే చూపిస్తుంది, వేగం చూపించదు. అబ్బాయికి పెన్సిలిచ్చి ఇలా గీయించండి.

ఎడమ నుంచి కుడికి పోయే పై పల్స్ తీసుకోండి. దాని ముందు సగంలో తాడు ఇంకా పైకి లేస్తోంది, వెనక సగంలో దిగిపోతోంది. కాబట్టి ముందు సగానికి పై బాణాలు, వెనక సగానికి కింది బాణాలు. ఇప్పుడు కుడి నుంచి వచ్చే కింది పల్స్. అది ఎడమకి పోతోంది గనుక దాని ముందు భాగం ఎడమ సగం. అక్కడ తాడు కిందికి దిగుతోంది. దాని కుడి సగంలో తాడు తిరిగి పైకి వస్తోంది. ఈ రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఎత్తులు కొట్టేసుకుని సున్నా అవుతాయి. బాణాలు కొట్టేసుకోవు. ఎడమ సగంలో రెండు బాణాలూ కిందికే, కుడి సగంలో రెండూ పైకే. అంటే గీతలా కనబడుతున్న ఆ తాడులో ఆ మేరకి ప్రతి ముక్కా మామూలు కంటే రెట్టింపు వేగంతో కదులుతోంది. సరిగ్గా మధ్య బిందువు మాత్రం కదలదు.

ఇక శక్తి. ఒక్కో పల్స్‌లో సగం గతిజ శక్తి, సగం తాడు సాగినందుకు వచ్చే స్థితిజ శక్తి. ఒక పల్స్ మొత్తం 1 అనుకుంటే అందులో గతిజం అర. వేగం రెట్టింపైతే గతిజ శక్తి నాలుగింతలు, అంటే నాలుగు అరలు, 2. రెండు పల్స్‌లూ కలిపి తెచ్చింది కూడా 2. ఎక్కడా పోలేదు, మొత్తం గతిజం కింద మారింది. మళ్ళీ లేవమని ఎవరూ చెప్పక్కర్లేదు. కుడి సగం అప్పటికే పైకి పోతోంది, ఎడమ సగం కిందికి పోతోంది.

రావులపాలెం_రాధిక
బాణాలు గీయించాను మాస్టారూ. వాడి మొహం చూడాలి మీరు. వెంటనే ఇంకో ప్రశ్న: రెండూ పై పల్స్‌లే ఎదురైతే?

భీమవరం_బుల్లోడు
ఇది నేను చెప్తానండి. ఎత్తులు కలిసి రెట్టింపు. బాణాలు ఈసారి ఎదురెదురు, కొట్టేసుకుంటాయి. అంటే తాడు రెట్టింపు ఎత్తున ఒక్క క్షణం ఆగిపోతుంది. శక్తి మొత్తం స్థితిజం. మాస్టారి లెక్కకి సరిగ్గా తిరగేసినట్టు.

వీణ_వరలక్ష్మి
బుల్లోడు చెప్పిన ఆ క్షణం మేం రోజూ చేత్తో చేస్తాం. వీణ తీగని వేలితో పక్కకి లాగి పట్టుకుంటే తీగ వంగి ఉంది, కదలట్లేదు. వదలగానే ఆ వంపు రెండుగా చీలి, ఒక్కోటి సగం ఎత్తుతో, చెరో వైపు పరిగెడుతుంది. మెట్టు దగ్గర ఒకటి, అవతలి చివర తీగ ఆనే గుర్రం దగ్గర ఒకటి తలకిందులై వెనక్కొచ్చి మధ్యలో దాటుకుంటాయి. అలా పోతూ వస్తూ ఉంటేనే స్వరం. నేను చాలా ఏళ్ళు తీగ మొత్తం ఒకేసారి పైకీ కిందికీ ఊగుతుందనే పిల్లలకి చెప్పే పాఠాలు చూశాను. మీటిన తీగ అలా ఊగదు.

సి.వి. రామన్ కలకత్తాలో ఉండగా 1921లో వీణ, తంబురాల మీద పరిశోధన పత్రం రాశారు. తీగకి ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) వినబడకూడదని పాత నియమం. తంబురాలో అవీ బలంగా వినబడతాయని ఆయన చూపించారు. కారణం ఆ వంపు తిరిగిన గుర్రం. తీగ ఒక గీత దగ్గర ఠక్కున ముగియదు, వంపు మీద ఆనుతూ లేస్తూ ఉంటుంది. అంటే చివర ఎలా ఉందన్న దాని మీదే నాదం గుణం ఆధారపడింది.

గట్టుమీద_గంగాధర్
అక్కా, తలకిందులై ఎందుకు రావాలి అన్నది ఇంకా మిగిలే ఉంది. మాకు చెప్పింది న్యూటన్ మూడో నియమం. తాడు గోడని పైకి లాగుతుంది, గోడ తాడుని కిందికి లాగుతుంది, అందుకే కింది పల్స్ పుడుతుంది.

కొత్తపేట_మాస్టారు
తప్పు కాదు గానీ, అది సగం జవాబు. కిందికి లాగుతుంది సరే, సరిగ్గా అంతే ఎత్తు, అదే ఆకారం ఎందుకు? అది మూడో నియమం చెప్పదు.

ఇందాకటి బొమ్మకే వెళ్ళండి. పై పల్స్, కింది పల్స్ ఎదురైనంత సేపూ మధ్య బిందువు కదల్లేదు అన్నాను. కలిసిన క్షణంలోనే కాదు, మొదటి నుంచి చివరిదాకా అది కదలదు. ఒకటి ఎంత పైకి లేపబోతే రెండోది అంతే కిందికి లాగుతుంది. కదలని చోట ఒక మేకు కొట్టేస్తే తాడుకి ఏమైనా తేడా తెలుస్తుందా? తెలియదు. ఇప్పుడు మేకుకి కుడివైపు తాడంతా కోసి పారెయ్యండి. ఎడమవైపు తాడుకి అప్పటికీ ఏ తేడా లేదు. పై పల్స్ మేకు దాకా పోయింది, కింది పల్స్ మేకు నుంచి వచ్చింది. అదే గోడ దగ్గర పరావర్తనం. అంటే వ్యతికరణం (తరంగాలు ఒకదానితో ఒకటి కలవడం), పరావర్తనం (తగిలి వెనక్కి రావడం) రెండు పాఠాలు కావు. గోడ వెనక నుంచి ఒక తలకిందుల పల్స్ వస్తోందని ఊహించి కూడితే గోడ దగ్గర తాడు ఎప్పుడెలా ఉంటుందో మొత్తం గీసెయ్యవచ్చు. తీగ మీద ఏ కదలికనైనా ఇలా ఎదురెదురు తరంగాల మొత్తంగా రాయవచ్చని 1747లోనే ఫ్రాన్సుకి చెందిన గణిత శాస్త్రవేత్త డాలంబేర్ చూపించాడు.

రెండు పై పల్స్‌ల కేసు కూడా ఇలాగే. అక్కడ మధ్య బిందువు రెట్టింపు ఎత్తుకి లేస్తుంది, కానీ ఆ బిందువు దగ్గర తాడు ఎప్పుడూ వాలదు, అడ్డంగానే ఉంటుంది. తాడు చివర ఒక రింగు కట్టి, నూనె రాసిన నిలువు కడ్డీకి తొడిగితే జరిగేది అదే. స్వేచ్ఛగా జారే చివర. అక్కడ పల్స్ తిరగబడదు.

లాకుల_శీను
ఇక్కడే నాకో పేచీ ఉంది మాస్టారూ. మా ఇల్లు కాలవ గట్టు మీదే. లాకుల తలుపు మూసి ఉన్నప్పుడు పడవ పోతే లేచిన అల తలుపుకి కొట్టుకుని వెనక్కొస్తుంది. చిన్నప్పట్నుంచి చూస్తున్నాను, ఎత్తుగా పోయిన అల ఎత్తుగానే వస్తుంది, గుంటలా రాదు. తలుపు దగ్గర నీళ్ళు ఇంకా ఎత్తుకి లేస్తాయి కూడా. లాకు తలుపు కంటే గట్టి గోడ ఇంకేముంటుంది? మరి తలకిందులు అవ్వాలి కదా?

భీమవరం_బుల్లోడు
శీనన్నా, లాకుల తలుపు సిలబస్‌లో లేదు, అందుకే తిరగబడలేదు.

కొత్తపేట_మాస్టారు
శీను చూసింది అక్షరాలా నిజం. గోడ ఎంత గట్టిది అని కాదు, దేన్ని ఆపుతోంది అని చూడాలి. మేకు తాడుని పైకీ కిందికీ కదలకుండా ఆపుతుంది. లాకు తలుపు నీటి మట్టాన్ని ఆపదు, నీళ్ళు తలుపు వెంబడి పైకి లేవవచ్చు, దిగవచ్చు. అది ఆపేది నీళ్ళు ముందుకి పోవడాన్ని. అందుకే ఎత్తు లెక్కన అది స్వేచ్ఛగా జారే రింగు, అల ఎత్తుగానే వస్తుంది, తలుపు దగ్గర రెట్టింపు లేస్తుంది. ముందుకీ వెనక్కీ పోయే కదలిక లెక్కన అదే తలుపు మేకు. ఒకే అల, ఒకే తలుపు, మనం దేన్ని కొలుస్తున్నాం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

లాకుల_శీను
ఆయ్. తలుపు దగ్గర రెట్టింపు లేస్తుందన్నది ఈసారి గోడ మీద తడి చూసి కొలుస్తాను.

పాలకొల్లు_కేబుల్
ముప్పాతిక జీవితం ఈ పరావర్తనంతోనే గడిచింది నాకు. పాత రోజుల్లో, సెట్‌టాప్ బాక్సులు రాకముందు, టీవీలో బొమ్మ పక్కన ఇంకో నీడ బొమ్మ వచ్చేది గుర్తుందా? కారణాల్లో ఒకటి ఇదే. ఎవరో కనెక్షన్ వద్దని టీవీ వెనక వైరు పీకేసి గోడకి వేలాడదీస్తారు. తాడుకి రింగున్న చివర ఎలాగో, వైరుకి తెరిచి ఉన్న చివర అలాగ. సిగ్నల్ అక్కడిదాకా పోయి వెనక్కి తిరిగి, మిగతా వాళ్ళ టీవీల్లోకి ఆలస్యంగా దూరుతుంది.

లెక్క కూడా చెప్తాను. వైరులో సిగ్నల్ సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. 60 మీటర్ల వైరు వేలాడుతుంటే పోను రాను 120 మీటర్లు, 0.6 మైక్రోసెకను ఆలస్యం. ఆ టీవీల్లో ఎడమ నుంచి కుడికి ఒక గీత గీయడానికి 52 మైక్రోసెకన్లు. 21 అంగుళాల టీవీ మీద నీడ అర సెంటీమీటరు కుడికి జరిగి కనబడుతుంది. నీడ ఎంత జరిగిందో చూసి, వేలాడే వైరు ఎంత పొడవో అంచనా కట్టి, ఏ ఇంటికెళ్ళాలో చెప్పేవాళ్ళం.

దానికి మందు 75 ఓమ్‌ల టెర్మినేటర్. చివర బిగిస్తే సిగ్నల్ మొత్తం మింగేస్తుంది, వెనక్కి ఏమీ రాదు. చివర తెరిచి ఉంటే వోల్టేజి తిరగబడకుండా వస్తుంది, చివర షార్టయితే తిరగబడి వస్తుంది, సరైన ఓమ్‌లు ఉంటే అసలు రాదు.

వీణ_వరలక్ష్మి
తాడుకీ అలాంటి టెర్మినేటర్ ఉంటుందా మాస్టారూ?

కొత్తపేట_మాస్టారు
ఉంటుందమ్మా. రింగు కడ్డీ మీద పూర్తిగా జారకూడదు, పూర్తిగా బిగుసుకోకూడదు. ఎంత వేగంగా కదిలితే అంత ఎదురు లాగాలి, ఆ ఎదురు తాడు బరువుకీ బిగువుకీ సరిగ్గా సరిపోవాలి. అప్పుడు పల్స్ అందులో కలిసిపోతుంది. ఇంకా తేలిక: అదే తాడు ఇంకా పొడవుగా సాగుతున్నా అంతే కదా, వెనక్కి ఏమీ రాదు.

సఖినేటిపల్లి_రేవు
వేరే తాడు సాగితే? మా రేవులో పంటుకి (ఏరు దాటించే పెద్ద పడవకి) కట్టే లావుపాటి మోకు చివర సన్నని నైలాన్ తాడు ముడేస్తాం, ముందు సన్నది విసిరి అందుకున్నాక మోకు లాగుతారు. మోకు వైపు నుంచి ఒక్క కుదుపు ఇస్తే ముడి దాటాక నైలాన్ తాడు మీద ఇంకా పెద్దగా ఎగురుతుంది. అవతల పట్టుకున్న వాడి చేతికి చురుక్కుమంటుంది. వచ్చిన దాని కంటే పోయింది పెద్దదవడం ఎక్కడి లెక్క?

గట్టుమీద_గంగాధర్
పెద్దదవడం కుదరదండి. ముడి దగ్గర కొంత వెనక్కి రావాలి, మిగిలిందే ముందుకి పోవాలి. మిగిలింది మొత్తం కంటే పెద్దదెలా అవుతుంది?

భీమవరం_బుల్లోడు
అవుతుంది అన్నా, లెక్క కట్టి చూశాను. పల్స్ వేగం అంటే తన్యతని (తాడు బిగువుని) మీటరు తాడు ద్రవ్యరాశితో భాగించి వర్గమూలం. ముడికి రెండు వైపులా తన్యత ఒకటే. నైలాన్ తాడు మోకులో నాలుగో వంతు బరువైతే దాంట్లో వేగం రెట్టింపు. వెనక్కొచ్చే ఎత్తు: వేగాల తేడాని వేగాల మొత్తంతో భాగించాలి, 1/3, తిరగబడకుండా. ముందుకి పోయేది 1 కి ఆ 1/3 కలిపి 4/3. వచ్చిన దాని కంటే పెద్దదే.

శక్తి చూడు. వెనక్కొచ్చింది 1/3 ఎత్తు, శక్తి 1/9. ముందుకి పోయింది ఎత్తులో 4/3, వర్గం 16/9. కానీ తాడు బరువు నాలుగో వంతు, వేగం రెట్టింపు, కలిపి సగం. 16/9 లో సగం 8/9. రెండూ కూడితే 1. ఎత్తు పెరిగింది, శక్తి పెరగలేదు. తేలికపాటి తాడుని ఎక్కువ ఎత్తు లేపడానికి తక్కువ శక్తి చాలు.

అదే నైలాన్ నుంచి మోకు వైపు పోతే 1/3 తిరగబడి వెనక్కి, 2/3 ముందుకి. శక్తి మళ్ళీ 1/9, 8/9.

కొత్తపేట_మాస్టారు
బాగుందిరా అబ్బాయ్. మోకు బరువు అనంతం అనుకుంటే మొత్తం తిరగబడి వెనక్కి, అదే గోడ. అవతల తాడు బరువు సున్నా అనుకుంటే మొత్తం తిరగబడకుండా వెనక్కి, అదే రింగు. మధ్యలో ఉన్నవన్నీ మీ రేవులో ముళ్ళే.

గట్టుమీద_గంగాధర్
సరే, లెక్క ఒప్పుకుంటున్నాను. చర్నాకోల కొట్టినప్పుడు చివర ఛెళ్ళుమనేది కూడా ఇదేనా? పిడి దగ్గర లావు, పోను పోను సన్నం.

కొత్తపేట_మాస్టారు
అదే వరస. ఒక్క ముడి కాకుండా అడుగడుగునా కాస్త కాస్త సన్నబడుతుంది కాబట్టి వెనక్కొచ్చేది చాలా తక్కువ, ఉన్న శక్తంతా తేలికైన చివరకి చేరుతుంది. ఆ చివర గాలిలో ధ్వని వేగం దాటుతుంది, ఛెళ్ళుమనేది దానికే.

అమలాపురం_ఆక్వా
అందరూ లెక్కల్లో పడి రాధిక గారి రెండో ప్రశ్న వదిలేశారు. మీరు చెట్టుకి కట్టింది కొబ్బరి తాడైతే అది ఈ పనికి పనికిరాదండి. పీచు పీచు రాసుకుని పల్స్‌ని తినేస్తుంది, పైగా బిరుసు. ఇంకా వేగం చూడండి. 8 మీటర్ల తాడు కిలో బరువు, ఐదు కిలోల బరువు వేలాడదీసినంత బిగువు, అంటే 50 న్యూటన్లు అనుకుంటే వేగం సెకనుకి 20 మీటర్లు. చెట్టుకి పోయి రావడానికి 0.8 సెకను. రెండు పల్స్‌లు ఒక్కోటి మీటరు పొడవుంటే అవి కలిసి విడిపోవడానికి 0.05 సెకను. కంటికి ఏం అందుతుంది? మామూలు ఫోన్ వీడియోలో ఒకటో రెండో ఫ్రేములు.

చెరువుల మీద వాడే రబ్బరు గొట్టం ముక్క తీసుకోండి, లోపలి వెడల్పు 2 సెంటీమీటర్లది. ఒక చివర బిరడా కొట్టి నీళ్ళు నింపి రెండో చివర కూడా మూసెయ్యండి. మీటరుకి అర కిలో దాకా వస్తుంది. అదే 50 న్యూటన్లకి వేగం సెకనుకి 10 మీటర్లే. రాసుకునే పీచు లేదు గనుక పల్స్ తొందరగా చావదు. నున్నటి గచ్చు మీద పరిచి పక్కకి కుదపండి, గాల్లో కట్టకండి, వేలాడి పోతుంది. ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు పెట్టి, పైన మేడ మీంచి తియ్యండి.

రావులపాలెం_రాధిక
గొట్టం దొరికింది ఆక్వా గారూ, వరండా గచ్చు మీద చేశాం. ఎడమకి ఉబ్బి పోయిన పల్స్ స్తంభానికి కట్టిన చివర నుంచి కుడికి ఉబ్బి వచ్చింది, వీడియోలో ఆపి చూస్తే స్పష్టంగా ఉంది. ఇద్దరం రెండు చివర్లూ పట్టుకుని ఎదురెదురు కుదిపితే ఆ తిన్నటి ఫ్రేము కూడా దొరికింది. ఆ ఫ్రేములో గొట్టం మీద రాసిన అక్షరాలు కలిసిన చోట రెండు సగాల్లోనూ చెరిగినట్టు మసకగా ఉన్నాయి, మధ్యలో ఒక్కచోట మాత్రం చదవడానికి వస్తున్నాయి. మాస్టారు గీయించిన బాణాలు అవే అని మా వాడే చూపించాడు.

రింగు, కడ్డీ మాత్రం కుదరలేదు. స్వేచ్ఛగా ఉండే చివర ఇంకెలా?

కొత్తపేట_మాస్టారు
వేలాడదీయండి. పైనుంచి వేలాడే తాడుకి కింది చివర పూర్తిగా స్వేచ్ఛగా ఉంటుంది. కానీ అందులో ఇంకో విశేషం ఉంది. బిగువు అన్ని చోట్లా ఒకటి కాదు, ప్రతి చోటా కింద వేలాడుతున్న తాడు బరువే బిగువు. అందుకని పల్స్ వేగం కింది చివర నుంచి ఎంత ఎత్తులో ఉన్నామో దాన్ని బట్టే ఉంటుంది, పైన వేగంగా, కింద నెమ్మదిగా. తాడు బరువు లెక్కలో కొట్టుకుపోతుంది. 10 మీటర్ల తాడులో పై నుంచి కిందికి రావడానికి 2 సెకన్లు, మోకైనా నైలాన్ అయినా అంతే.

భీమవరం_బుల్లోడు
మోకుకీ నైలాన్‌కీ ఒకటే టైమా? రెండూ పక్కపక్కన కట్టి చూడాలి ఇది.

రావులపాలెం_రాధిక
వచ్చే వారం మాకు కొబ్బరికాయల దింపు ఉంది. చెట్టెక్కే అబ్బాయి చేతే రెండు తాళ్ళూ పైన కట్టిస్తాను. రేవు గారూ, ఒక పది మీటర్ల పాత మోకు ముక్క దొరుకుతుందా?

సఖినేటిపల్లి_రేవు
ఉంది. చించినాడ వంతెన దగ్గరికి ఎవరినైనా పంపండి, ఇచ్చేస్తాను. తడిసి ఉంది, ఒక రోజు ఎండలో వెయ్యండి.